ఫీజు కట్టినాం కదా అని నోరు మూసుకోవద్దు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రతి సంవత్సరం ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదివి కూర్చుంటాం. ఆ లెక్కలు ఈసారి కూడా పుస్తకంలో ఉన్నాయి, చూసుకోండి. మేము ఈరోజు మాట్లాడాలనుకున్నది ఒక ఓవర్‌డ్యూ గురించి.

మన వైపు కంతులు ఎందుకు ఆగుతాయో మనకందరికీ తెలుసు. వాన రాలేదు, పత్తి పోయింది. ఆదోని మార్కెట్ యార్డుకు తీసుకుపోతే రేటు లేదు. ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అయింది. లేదంటే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకాయల సుగ్గికి పోయినారు, వచ్చినాక కడతారు. ఇవన్నీ మన పుస్తకాల్లో మామూలే. మా సంఘంలో రెండేళ్ల కింద పడిన ఓవర్‌డ్యూ ఇట్లాంటిది కాదు. అది కాలేజీ ఫీజుకు తెచ్చిన అప్పు. ఆ కాలేజీలో ఆ పిల్ల చదవడమే లేదు. చదవని చదువుకు తల్లి కంతులు కడుతోంది. మీ సంఘాల్లో కూడా ఇట్లాంటివి ఉండే ఉంటాయి. పైకి చెప్పుకోరు, అంతే. చెప్పుకుంటే నామోషీ అనుకుంటారు.

ఆ కథ ముందు చెప్తాం. అది మేము ఓడిపోయిన కథ. గెలిచింది తర్వాత చెప్తాం.

2023లో మా సంఘంలో ఒక చెల్లెలి కూతురు ఇంటర్ పాసయింది. మంచి మార్కులే. మే నెలలో ఒకాయన మోటారు సైకిల్ మీద ఊర్లోకి వచ్చినాడు. కర్ణాటకలో కాలేజీ ఉంది, బీకాం చదివిస్తారు, దాంతోపాటే సీఏ కోచింగ్ కూడా ఇస్తారు, సీట్లు నాలుగే మిగిలినాయి, ఈ వారంలో కట్టకపోతే పోతాయి అన్నాడు. రంగురంగుల పుస్తకం చూపించినాడు. ఆ చెల్లెలు స్త్రీనిధిలో కొంత, సంఘంలో అంతర్గత అప్పు కొంత తీసుకుని 50,000 రూపాయలు కట్టింది. హాస్టల్ డబ్బులు వేరే. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ అన్నీ ఒరిజినల్స్ ఇచ్చేసి వచ్చినారు. అప్పుకు సంతకాలు పెట్టింది మేమే. ఒక్క ప్రశ్న అడగలేదు. పిల్ల పెద్ద చదువుకు పోతోందని మేమే కొబ్బరికాయ కొట్టినాం.

ఆ పిల్ల సెప్టెంబర్ మొదటి వారం నుంచే ఫోన్ చేసి ఏడవడం మొదలుపెట్టింది. సీఏ కోచింగ్ లేదు, ఏమీ లేదు. పాఠం ఒక్క ముక్క అర్థం కావడం లేదు, వచ్చేస్తానమ్మా అనింది. తల్లి మీటింగ్‌లో చెప్పి ఏడ్చింది. మేము ఏమన్నాం? "కొత్తలో అట్లే ఉంటాదిలే, అలవాటైతాది. అంత డబ్బు కట్టినాక వెనక్కి వస్తే ఎట్ల?" అన్నాం. పదిమందిమీ అదే మాట. దసరా పండక్కి వచ్చినప్పుడు కూడా బతిమాలి పంపించినాం. నవంబర్‌లో ఆ పిల్లకు జ్వరం వచ్చి, తిండి మానేసి, సగం మనిషై ఇంటికి వచ్చేసింది.

అప్పుడు పోతిమి కాలేజీకి. తల్లి, మేము ఇద్దరం. ఆఫీసులో ఆయన తల కూడా ఎత్తలేదు. "ఫీజు వెనక్కి ఇచ్చేది లేదు. మధ్యలో పోతే మిగిలిన రెండేళ్ల ఫీజు కూడా కట్టాలి. అది కడితేనే సర్టిఫికెట్లు" అన్నాడు. ఆ చెల్లెలు అక్కడే కూలబడింది. 50,000 పోయింది కాక ఇంకో లక్ష ఎక్కడి నుంచి తేవాలి? మేము ఏమీ మాట్లాడలేక బస్సెక్కినాం. మాకు తెలిసింటే కదా మాట్లాడేకి.

ఊరికి వచ్చినాక సచివాలయంలో విద్యా సహాయకుడిని అడిగినాం. ఆ అబ్బాయి నెట్‌లో వెతికి కాగితాలు తీసిచ్చినాడు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి. మా వీఓఏ కూతురు డిగ్రీ చదువుతోంది, ఆ పాప మాకు మూడుసార్లు చదివి తెలుగులో చెప్పింది. అది వింటా ఉంటే మాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లయింది. ఎందుకో చెప్తాం.

మన దేశంలో యూనివర్సిటీల పైన యూజీసీ అని ఒక సంస్థ ఉంది. యూనివర్సిటీలు, వాటి కింద ఉండే కాలేజీలు దాని మాట వినాలి. 2018 అక్టోబర్‌లో యూజీసీ ఫీజు వెనక్కి ఇవ్వడం గురించి, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకోకపోవడం గురించి ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఇది నిన్న మొన్న పుట్టిన సంగతి కూడా కాదు. 2007 ఏప్రిల్‌లోనే, క్లాసులు మొదలు కాకముందు మానేస్తే 1,000 రూపాయలకు మించి పట్టుకోకుండా మిగతాదంతా వెనక్కి ఇవ్వాలని చెప్పింది. మేము కట్టే నాటికి పదహారేళ్ల నుంచి ఉన్న మాట అది. మన ఊరి దాకా రాలేదు.

2018 రూలులో ఐదు మెట్లు ఉన్నాయి. మన పొదుపు లెక్క మాదిరి చెప్తాం. ఫీజు 40,000 కట్టినాం అనుకోండి. అడ్మిషన్లకు ఆఖరి తేదీ అని కాలేజీ అధికారికంగా ప్రకటించిన రోజు ఒకటి ఉంటాది. లెక్కంతా ఆ రోజు నుంచే. మనం డబ్బు కట్టిన రోజు నుంచి కాదు, క్లాసులు మొదలైన రోజు నుంచి కాదు.

మొదటి మెట్టు. ఆ ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందే మానేస్తున్నామని రాసిస్తే ఫీజంతా వెనక్కి రావాలి. ఖర్చుల కింద 5 శాతం వరకు పట్టుకోవచ్చు, అది కూడా 5,000 దాటకూడదు. 40,000కు 2,000 పోను 38,000 వస్తాది.

రెండో మెట్టు. ఆఖరి తేదీకి 15 రోజుల లోపు, కానీ ఆ తేదీ దాటకముందు రాసిస్తే 90 శాతం. అంటే 36,000.

మూడో మెట్టు. ఆఖరి తేదీ దాటి 15 రోజుల లోపల అయితే 80 శాతం. అంటే 32,000.

నాలుగో మెట్టు. 15 రోజులు దాటి 30 రోజుల లోపల అయితే సగం. 20,000.

ఐదో మెట్టు. 30 రోజులు దాటితే ఏమీ రాదు.

కాషన్ డిపాజిట్ అని కట్టించుకుంటారే, అది ఫీజు కిందికి రాదు. అది పూర్తిగా వెనక్కి ఇయ్యాలి. మనం రాసిచ్చిన 15 రోజుల్లో డబ్బు వాపసు రావాలి. ఇంకో మాట. ఒక సెమిస్టరుకు లేదా ఒక సంవత్సరానికి మాత్రమే ముందుగా ఫీజు తీసుకోవాలి. మూడేళ్లదీ ముందే కట్టమనే హక్కు వాళ్లకు లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిపోల్చుకుని, వెంటనే మన చేతికి ఇచ్చేయాలి. పెట్టుకోకూడదు. మనమేమో పొలం పాసు పుస్తకం షావుకారు దగ్గర పెట్టినట్లు పెట్టి వస్తున్నాం.

ఇంకొకటి ఉంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కొన్ని సంవత్సరాలు యూజీసీ ఆ ఏడాదికి మాత్రమే ప్రత్యేకంగా నోటీసు ఇస్తాది. అది ఐదు మెట్ల కన్నా మనకు మేలుగా ఉంటాది. 2022లో అక్టోబర్ 31 వరకు మానేస్తే పూర్తి ఫీజు, డిసెంబర్ 31 వరకు అయితే 1,000 మాత్రమే పట్టుకోవాలి అని చెప్పినారు. 2023లో సెప్టెంబర్ 30 వరకు పూర్తి ఫీజు, అక్టోబర్ 31 వరకు 1,000 పోను మిగతాది.

ఇప్పుడు అర్థమైందా అక్కా, మాకు కడుపులో ఎందుకు దేవిందో. ఆ పిల్ల ఏడ్చింది సెప్టెంబర్ మొదటి వారంలో. ఆరోజే పోయి ఒక కాగితం రాసిచ్చి ఉంటే 50,000కు 50,000 వచ్చేది. దసరా సెలవుల్లో అయినా రాసిచ్చి ఉంటే 49,000 వచ్చేది. మేము నవంబర్‌లో పోతిమి. అన్ని తేదీలూ దాటిపోయినాయి. ఆ డబ్బు కాలేజీ ఒక్కటే తినలేదు, "అలవాటైతాదిలే" అన్న మా మాట కూడా తినింది. అందుకే ఈ మాట ఇంతమందిలో చెప్తున్నాం. మీరన్నా ఆ మాట అనొద్దు.

2024 జనవరిలో ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ పోయినాం. ఈసారి ఐదుమందిమి. ఫీజు అడగలేదు, అది దాటిపోయింది. సర్టిఫికెట్లు ఇయ్యండి అని అర్జీ రాసిచ్చినాం. "మిగతా ఫీజు కట్టండి" అన్నాడు మళ్లీ. మా అధ్యక్షురాలు అంగన్‌వాడీలో ఆయాగా పనిచేస్తాది, ఆమె నెమ్మదిగా అనింది: "సరే సార్, ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని మీ లెటర్‌హెడ్ మీద రాసి, ముద్ర వేసి ఇవ్వండి. మేము ఆ కాగితం యూజీసీకి పంపుకుంటాం." ఆయన లోపలికి పోయినాడు. రెండు గంటలు కూర్చోబెట్టినారు. సాయంత్రం నాలుగింటికి కవరు తెచ్చి చేతిలో పెట్టినారు. మెమోలు, టీసీ అన్నీ ఉన్నాయి. ఒక్క రూపాయి కట్టలేదు.

రాసివ్వండి అనే మాటకు అంత బలం ఉందని ఆరోజు తెలిసింది మాకు.

ఇంక రెండో కథ. 2024లో ఎమ్మిగనూరు వైపు ఒక మగ్గం నేసే ఇంటి పాప. ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో యాజమాన్య కోటాలో చేర్పించి 40,000 కట్టినారు. తర్వాతి విడత కౌన్సెలింగ్‌లో కర్నూలులో ప్రభుత్వ కాలేజీలో, హాస్టల్‌తో సహా సీటు వచ్చింది. అప్పటికి సెప్టెంబర్ రెండో వారం. తల్లి మా దగ్గరికి వచ్చి, "ఆ డబ్బు పోతే పోనీ, సర్టిఫికెట్లు ఇప్పించండక్కా చాలు" అనింది. ఒక చీర నేస్తే ఏం మిగుల్తాదో ఆమెకు తెలుసు. అట్లాంటి మనిషి 40,000 పోనీ అంటోందంటే, అడిగితే వస్తాదనే ఆశే లేదన్నమాట.

ఆరోజే అర్జీ రాయించినాం. రెండు కాపీలు. ఒకటి వాళ్లకు, ఒకటి ముద్ర వేయించుకుని మనకు. ఆఫీసులో తీసుకోనన్నారు. "మీ ఇష్టం వచ్చినప్పుడు వచ్చి, ఇష్టం వచ్చినప్పుడు పోయేకి ఇది సత్రమా?" అన్నారు. మేము గొడవ పడలేదు. నేరుగా పోస్టాఫీసుకు పోయి, అదే అర్జీ ప్రిన్సిపాల్ పేరున రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు వెనక్కి వచ్చేటట్లు పంపినాం. యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు ఒక కాపీ. పోస్టు రసీదు మీద తేదీ ఉంటాది. ఇంక మనం ఆ రోజు అడగలేదని ఎవరూ అనలేరు.

ఆ అర్జీలో మేము ఎంత అడిగినాం? 32,000. ఎందుకంటే మాకు ఐదు మెట్లు నోటికి వచ్చినాయి. ఆఖరి తేదీ దాటి పది రోజులయింది, అంటే మూడో మెట్టు, 80 శాతం అని లెక్క వేసుకున్నాం. కాలేజీ వాళ్లు వారానికి ఫోన్ చేసి, "పాపం అని 20,000 ఇస్తాం, సంతకం పెట్టి పోండి" అన్నారు. తండ్రి ఒప్పుకున్నాడు. మేము ఒక్క రోజు ఆగమన్నాం. యూజీసీకి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టేకి ఈ-సమాధాన్ అని ఒక పోర్టల్ ఉంది. ఆ పాపే నెట్ సెంటర్‌లో కూర్చుని అది నింపుతా ఉంటే ఆ ఏడాది నోటీసు కంటబడింది. 2024 జూన్ 12న ఇచ్చినారు. సెప్టెంబర్ 30 వరకు మానేస్తే పూర్తి ఫీజు, అక్టోబర్ 31 వరకు 1,000 మాత్రమే పట్టుకోవాలి. మేము 32,000 అడిగినాం, ఆ పాపకు రావాల్సింది 40,000!

మొదటిసారి తెలియక అడగనే లేదు, రెండోసారి సగం తెలిసి తక్కువ అడిగినాం. సెప్టెంబర్ ఇంకా అయిపోలేదు కాబట్టి మళ్లీ అర్జీ రాసి, నోటీసు కాపీ కలిపి పంపినాం. ఈ-సమాధాన్‌లో ఫిర్యాదు నంబరు కూడా అందులో రాసినాం. అక్టోబర్‌లో 40,000 తండ్రి ఖాతాలో పడింది. సర్టిఫికెట్లు అంతకు ముందే ఇచ్చేసినారు.

అక్కలారా, ఇందులో మా గొప్ప ఏమీ లేదు. తేదీ ఒకటి, కాగితం ఒకటి. ఈ రెండూ ఉంటే పని అయింది. మొదటి కథలో తేదీ దాటింది, మా దగ్గర కాగితం లేదు.

ఈ రూలు ఎక్కడ పనిచేస్తాది, ఎక్కడ చేయదు అనేది కూడా చెప్పాల. లేకపోతే మా మాట నమ్మి పోయి మీరు భంగపడతారు.

డిగ్రీ, పీజీ, యూనివర్సిటీ కింద ఉండే కోర్సులు అన్నింటికీ యూజీసీ రూలు. మన జిల్లాలో రాయలసీమ యూనివర్సిటీ కింద ఉండే డిగ్రీ కాలేజీలకు కూడా అదే. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ లాంటివాటికి ఏఐసీటీఈ అని వేరే సంస్థ ఉంది. దాని రూలు ఏమిటంటే, కోర్సు మొదలు కాకముందు మానేస్తే 1,000కి మించి పట్టుకోకూడదు. చేరినాక మానేస్తే, ఆ సీటులో ఇంకొకరు చేరితే, చదివిన నెలలకు మాత్రమే పట్టుకుని మిగతాది ఇయ్యాలి. ఇంటర్ కాలేజీలకు, స్కూళ్లకు ఈ రూళ్లు వర్తించవు. అక్కడ రసీదు మీద ఏం రాసిందో అదే మనకు ఆధారం. కాబట్టి కట్టకముందే చదవాల.

కోచింగ్ సెంటర్ల సంగతి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు లెక్కగట్టి 10 రోజుల్లో ఇయ్యాలి, హాస్టల్, మెస్ డబ్బులు కూడా అట్లే అని అందులో ఉంది. కోచింగ్ వాళ్లు ఇయ్యకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. కాలేజీల మీద మాత్రం వినియోగదారుల కోర్టునే నమ్ముకుని కూర్చోవద్దు. చదువు సరుకు కాదని అక్కడ కేసులు తీసుకోకుండా పోయినవి ఉన్నాయి. కాలేజీ అయితే ముందు కాలేజీలోని ఫిర్యాదుల కమిటీ, తర్వాత యూనివర్సిటీ, యూజీసీ. సోమవారం ఆదోని సబ్ కలెక్టర్ ఆఫీసులో, కర్నూలు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ కూడా ఇవ్వొచ్చు. కోర్టు దాకా పోవాల్సి వస్తే ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును పెట్టిస్తారు. న్యాయ సేవా సంస్థ నంబరు 15100.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే పిల్లల తల్లులు ఇంకో రెండు సంగతులు చూసుకోండి. యాజమాన్య కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదు. "అన్నీ గవర్నమెంటే కడతాది" అని ఏజెంటు చెప్తే, ఏ కోటా అని అడగండి. రెండోది, కాలేజీ మారితే జ్ఞానభూమిలో పాత కాలేజీ నుంచి పేరు తీసేయించుకోవాల. అది అట్లే ఉంటే కొత్త కాలేజీలో ఎక్కదు, సచివాలయం చుట్టూ తిరగాల్సి వస్తాది.

కాలేజీ వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాల, న్యాయంగా. సీటు ఖాళీ అయితే వాళ్లకూ నష్టమే. అందుకే ఆఖరి తేదీ లోపల చెప్పిన వాళ్లకు ఎక్కువ, ఆలస్యంగా చెప్పిన వాళ్లకు తక్కువ అని మెట్లు పెట్టినారు. మనం రెండు మూడు చోట్ల సీట్లు పట్టుకుని కూర్చుంటే ఇంకో పేద పిల్లకు ఆ సీటు పోతాది. చదవమని తేలిన రోజే చెప్పేయాల. అది మనకూ మంచిది, ఆ సీటు కోసం చూసే పిల్లకూ మంచిది.

ఇప్పుడు అన్నింటికన్నా కష్టమైన సంగతి.

డబ్బు వెనక్కి వచ్చిన రోజు ఎమ్మిగనూరు పాప ఇంట్లో ఏమైందో తెలుసా? తండ్రి, "ఇంత తిరుగుడు అయింది, చదువు చాలు. ఈ 40,000కు ఇంకొంచెం కలిపితే నీలకంఠేశ్వరుని జాతర అయినాక పెళ్లి చేసేయొచ్చు" అన్నాడు. ఆయన చెడ్డ మనిషి కాదు. మగ్గం మీద నడుము వంగిపోయిన మనిషి. చేతికి ఒక్కసారి 40,000 వస్తే ఏదో ఒక బరువు దించుకుందాం అనుకున్నాడు. మేము ఆ ఇంటికి నాలుగుసార్లు పోయినాం. "అన్నా, ఈ డబ్బు చదువు మానిందని రాలేదు, కాలేజీ మారిందని వచ్చింది. అర్జీలో మేము అట్లే రాసినాం. నీ సంతకం కూడా ఉంది" అని చెప్పినాం. పాప కర్నూలులో చేరింది. ఇప్పుడు రెండో సంవత్సరం.

మొదటి పాప? ఆమెకు ఒక సంవత్సరం పోయింది. ఆ సంవత్సరమంతా ఇంట్లో కూర్చుని, పత్తి తీసేకి పోయి, వచ్చిన సంబంధాలకు తల వంచుకుని కూర్చునింది. డబ్బు పోగొట్టిన పిల్ల అని ఇంట్లో మాటలు కూడా పడింది. తల్లి ఒక్కతే నిలబడింది. 2024లో ఆదోనిలోనే డిగ్రీలో చేరింది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం వస్తాది. కానీ ఆ 50,000 అప్పు తల్లి ఇప్పటికీ కడుతోంది. ఇంకా ఆరు కంతులు ఉన్నాయి. ప్రతి నెలా మీటింగ్‌లో ఆమె డబ్బు పెట్టినప్పుడు మేము తల వంచుకుంటాం. ఆ అప్పు మీద వడ్డీ సంఘం వదులుకుంది. అంతకన్నా మేము చేయగలిగింది లేదు.

మానేయడం తప్పు కాదు అక్కా. తప్పుడు చోట చేరినామని తెలిసినాక అక్కడే ఉండమనడమే తప్పు. కాకపోతే మానేయడం అంటే ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చోవడం కాకూడదు. ఒక గడప దిగి ఇంకో గడప ఎక్కడం కావాల. ఆడపిల్ల విషయంలో మన ఊళ్లల్లో ఆ మధ్యలోనే కాలు జారుతోంది. సంఘం కాపలా కాయాల్సింది అక్కడే.

అందుకని మా గ్రామ సంఘంలో ఈ సంవత్సరం కొన్ని తీర్మానాలు రాసుకున్నాం. మీరు కూడా మీ మినిట్స్ పుస్తకంలో రాసుకోవాలని కోరుతున్నాం.

ఒకటి. కాలేజీ ఫీజుకు అప్పు అడిగితే, కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉంది, ఏ కోటా, ఆఖరి తేదీ ఎప్పుడు అనే మూడూ చెప్పినాకనే సంతకాలు. ఏజెంటుకు చేతిలో డబ్బు ఇవ్వకూడదు. కాలేజీ ఖాతాకే కట్టాల, పిల్ల పేరున రసీదు తీసుకోవాల.

రెండు. ఒరిజినల్స్ ఇచ్చి రాకూడదు. చూపించి వెనక్కి తెచ్చుకోవాల. తప్పనిసరి అంటే, ఏమేమి ఇచ్చినామో రాయించి ముద్ర వేయించుకోవాల. అన్నింటికీ మూడు సెట్లు జిరాక్స్ ఇంట్లో ఉండాల.

మూడు. కాలేజీలో చేరిన పిల్లలున్న తల్లులను మొదటి నెలలో ప్రతి మీటింగ్‌లో అడగాల: పిల్ల ఎట్ల ఉంది? పిల్ల ఏడుస్తోందంటే ఆ వారమే ఇద్దరు లీడర్లు పోయి చూసి రావాల. "అలవాటైతాదిలే" అనే మాట మా సంఘంలో బంద్.

నాలుగు. మానేయాలని తేలితే నోటి మాట వద్దు, అర్జీ. ఆ అర్జీలో ఇట్లా రాస్తే చాలు: "మీ కాలేజీలో ఫలానా కోర్సులో ఫలానా తేదీన చేరిన నేను ఈరోజు నుంచి మానుకుంటున్నాను. నేను కట్టిన ఫీజు ఇంత, రసీదు నంబరు ఇది. యూజీసీ రూలు ప్రకారం నాకు రావాల్సిన ఫీజు, కాషన్ డిపాజిట్, ఒరిజినల్ సర్టిఫికెట్లు 15 రోజుల్లో ఇవ్వగలరు. నా బ్యాంకు ఖాతా వివరాలు, రసీదు కాపీ జతచేస్తున్నాను." కింద పిల్ల సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం, తేదీ. మొత్తం ఎంతో అంకె వేసే ముందు ఆ సంవత్సరం నోటీసు చూసుకోండి, మా మాదిరి తక్కువ అడగొద్దు.

ఐదు. తిరిగొచ్చిన డబ్బు చదువు డబ్బు. ముందు ఆ చదువుకు తెచ్చిన అప్పుకు జమ చేయాల. మిగిలింది పిల్ల కొత్త కాలేజీకే. ఇది తల్లిదండ్రులు అప్పు తీసుకునే రోజే ఒప్పుకుని సంతకం చేయాల.

మన కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు అక్కలు పొదుపుతో మొదలుపెట్టి ఎంత దూరం పోయినారో మనకు తెలుసు. వాళ్ల దగ్గరికి పోయి వచ్చినప్పుడల్లా మాకు అనిపించేది ఒకటే. బ్యాంకు మేనేజరు ముందు నిలబడేకి భయపడిన మనం ఇప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుని మాట్లాడుతున్నాం. కాలేజీ ఆఫీసు కూడా అంతే. ఆ కిటికీ ముందు కూడా భయం పోవాల. మాలో పదో తరగతి దాటిన వాళ్లు ఇద్దరు ముగ్గురే. ఇంగ్లీషు కాగితం చదవలేము. చదివే పిల్లలు మన ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్లను చదివించుకున్నది అందుకే కదా.

వచ్చే మే నెలలో మోటారు సైకిల్ మీద మళ్లీ ఎవరో ఒకరు మన ఊళ్లకు వస్తారు. రంగురంగుల పుస్తకం చూపిస్తారు. ఆరోజు ఈ ఉపన్యాసం అంతా మీకు గుర్తుండకపోయినా ఒక్క మాట గుర్తుంటే చాలు: ఆఖరి తేదీ ఎప్పుడు సార్, రాసివ్వండి.

 మీ ఊళ్లో ఇట్లాంటి కష్టంలో ఎవరైనా పిల్ల ఉంటే, తేదీ దాటకముందు చెప్పండి. మేము వస్తాం.

సెలవు.